చీమలు పట్టని సంచి

సంచి అడుగున ముందుగా ఉన్ని మేజోళ్ళు, వాటి మీద గళ్ళ లుంగీలు, ఆ పైన తువ్వాళ్ళు సర్దింది గౌరీశ్వరి. మొగుడి నీలం క్యాన్వాసు సంచిలో ఏది ఎక్కడ పెట్టాలో ఆమె చేతులకే తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే అది. కానీ ఈసారి మధ్య అర దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి.

ఆ అరలో ఎప్పుడూ సున్నుండల డబ్బా, దాని పక్కన బెల్లం గవ్వల డబ్బా పెట్టేది. మూతలు ఎంత బిగించినా, పైన గుడ్డ చుట్టి ముడేసినా, సంచి చుట్టూ చీమల బారు తయారయ్యేది. గురునాథరావు వాటిని కాలితో తప్పిస్తూ, "నాను ఓడెక్కకముందే నీ సీమలు ఎక్కీసేలాగున్నాయే గౌరీ" అని నవ్వేవాడు.

ఈసారి ఆ అరలోకి వేయించిన శనగలు, ఉలవపిండి, అవిసె గింజల కారప్పొడి, మెంతుల సీసా వెళ్ళాయి. సంచి నిండి పొద్దు వాలినా దాని చుట్టూ ఒక్క చీమ లేదు. గచ్చు అద్దంలా ఉంది. ఆ శుభ్రం గౌరీశ్వరికి నచ్చలేదు.

గురునాథరావు సరుకు ఓడల మీద బోసన్. డెక్ మీద తాళ్ళూ గొలుసులూ చూసుకునే ఖలాసీలందరికీ పెద్దన్నమాట. ఓడెక్కితే తొమ్మిది నెలలు. దిగితే రెండు నెలలు, మహా అయితే మూడు. మిగతా కాలమంతా కంచరపాలెంలో రైలు పట్టాల దగ్గరున్న ఆ రెండు గదుల ఇంట్లో గౌరీశ్వరి ఒక్కతే. పిల్లలు కలగలేదు. బడికి వెళ్ళలేదు గానీ, పకోడీలు చుట్టి ఇచ్చిన కాగితాలూ, షాపుల బోర్డులూ కూడబలుక్కుని చదవడం తనంతట తనే నేర్చుకుంది. ఒంటరి సాయంత్రాల్లో ఏ కాగితం దొరికినా పైనుంచి కిందిదాకా చదివేది. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా అలమరలో గ్లాసులు గలగలలాడేవి. ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడేవి అవే.

ఆమెకు ప్రయాణాలంటే భయం. చిన్నప్పుడు వాళ్ళ అన్న పారాదీప్ ఓడరేవులో పనికని, ఎవర్నీ లేపకుండా, నోట్లో ఏమీ వేసుకోకుండా చీకటితో వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు. అప్పట్నుంచి తన గడప దాటి ఊరెళ్ళేవాళ్ళ నోట్లో అనకాపల్లి బెల్లం ముక్క ఒకటి పెట్టనిదే పంపేది కాదు. గురునాథరావు కూడా ఆ ముక్క కోసం చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు.

కిందటి చలికాలంలో ఆ నోటికే అడ్డు పడింది. మళ్ళీ ఓడెక్కడానికి కంపెనీ వాళ్ళు పరీక్షలు చేయించారు. నడుము కొలత దాటింది, బరువు దాటింది, సుగరు ఇంకాస్త పెరిగితే జబ్బే, గట్టు మీద ఉందన్నారు. ప్రస్తుతానికి పనికిరావు, తగ్గించుకుని రమ్మన్నారు. గురునాథరావు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని ఇంటికొచ్చాడు. అతని తండ్రికి సుగరు ముదిరి కాలు తీసేశారు. ఆ కర్ర కాలి చప్పుడు వింటూ పెరిగినవాడు అతను. కొత్త కోడలిగా ఆ చప్పుడు విన్నది గౌరీశ్వరి కూడా.

ఇద్దరూ ద్వారకా నగర్‌లో జ్యోతిర్మయి అనే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నడివయసు మనిషి. కాగితాలన్నీ చూసి, "మీకు ఇన్సులిన్ తక్కువై కాదండీ ఇది. బోలెడంత తయారవుతోంది. ఒళ్ళు దాని మాట వినడం మానేసింది" అంది.

గురునాథరావు కాసేపు ఆలోచించాడు. "అంటే అమ్మా, ఓడలోంచి సరుకు దిగిపోయింది గానీ గొడౌనోడు తలుపు తియ్యట్లేదన్నమాట."

డాక్టరు నవ్వేసింది. "అదే. సరుకంటే సుగరు, అదంతా రోడ్డు మీద పడుంది. ఆ రోడ్డే మీ రక్తం. దింపే సరుకు తగ్గించాలి, గొడౌనువాణ్ణి లేపాలి. వాణ్ణి లేపేది నడక. వేళకి నిద్ర. మీరింకా గట్టు మీదే ఉన్నారు, వెనక్కి రావచ్చు."

ఇంటికొస్తూనే గౌరీశ్వరి బియ్యం డబ్బా పైకెక్కించేసింది. వాళ్ళది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. వాళ్ళ తాతా ముత్తాతా చోడి అంబలి, అదే రాగి జావ, తాగి బతికినవాళ్ళే, వాళ్ళకి సుగరన్న మాటే తెలీదు. ఇంకేం కావాలి? పొద్దున చెంబుడు చోడి అంబలి, మధ్యాహ్నం మళ్ళీ చెంబుడు. అన్నం లేదు కాబట్టి పథ్యం చేస్తున్నట్టే లెక్క. రాత్రి ఉప్మాయో దిబ్బరొట్టో. అది టిఫినే గదా, భోజనం కాదు గదా. వారాలు గడిచాయి. మళ్ళీ రక్తం ఇచ్చి చూసుకుంటే నెంబరు తగ్గకపోగా ఇంకాస్త పైకెక్కి కూర్చుంది.

"ఏం తింటున్నారు?" అంది డాక్టరు.

"అన్నం ముట్టుకోడం నేదమ్మా, ఒట్టు" అన్నాడు గురునాథరావు. "రెండు పూటలా అంబలి. రాత్రి టిఫినే."

"టిఫినంటే?"

"ఉప్మా. ఓపాలి దిబ్బరొట్టి."

"ఎంత?"

గురునాథరావు భార్య వైపు చూశాడు. గౌరీశ్వరి తలొంచుకుని, రెండు చేతులతో పళ్ళెమంత సున్నా చుట్టి చూపించింది.

"తినేసి ఏం చేస్తారు?"

"ఏటి సేత్తామమ్మా, టీవీ సూసి తొంగుంటాం."

"మీ తాతగారు అంబలి తాగి ఏం చేసేవారు?"

"దుక్కికెల్లీవోడు."

గురునాథరావు పకపకా నవ్వి, "దొరికిపోయాం గౌరీ, తాత దుక్కి మర్సిపోయి తాత అంబలే తాగినాం" అన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. చోళ్ళు మంచివే. కానీ నమిలే పని లేకుండా చెంబులతో తాగితే అది రక్తంలోకి గబగబా దిగిపోతుంది. ఉప్మా పేరు టిఫినైనా ఒళ్ళు దాన్ని అన్నంలాగే లెక్కపెడుతుంది. కంచంలో ముందు కూర తినాలి. తర్వాత పప్పో గుడ్డో చేపో. అన్నం అన్నిటికన్నా ఆఖర్న, గుప్పెడు. తిన్న వెంటనే కూర్చోకుండా కాసేపు నడవాలి. టీలో పంచదార మానాలి. రాత్రి భోజనం పెందలాడే కానివ్వాలి. ఇదంతా అచ్చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. గౌరీశ్వరి దాన్ని బస్సులోనే మొత్తం చదివేసింది. ఇంటికొచ్చి మెతుకులతో తలుపు వెనక అంటించింది.

మొదటి రోజు కంచంలో ఆనపకాయ కూర ఒక్కటే గుట్టగా వడ్డించి పక్కన నిలబడింది. గురునాథరావు కంచం చుట్టూ వెతికాడు.

"ఇదేటే? పెళ్ళికూతురొచ్చి పీటల మీద కూకుంది. పెళ్ళికొడుకేడి?"

"ఒత్తాడు. ముందు పెళ్ళికూతురి సంగతి సూడండి."

"ఉట్టి కూర తినీడమేటే, మేకలాగ?"

"మేకకి సుగరొచ్చిందని ఎక్కడైనా ఇన్నారా?"

గొణుక్కుంటూ తిన్నాడు. తర్వాత కవళ్ళ చేపల పులుసు, ఆఖర్న గుప్పెడు అన్నం, మజ్జిగ. తినేసి అలవాటుగా చాప మీదికి వాలబోతే ఆమె అతని చెప్పులు తెచ్చి ముందు పడేసింది.

అలా మొదలైంది ఆ నడక. రోజూ సాయంత్రం భోజనం కాగానే ఇద్దరూ పట్టాల పక్క రోడ్డు మీద వెళ్ళి, టీ బడ్డీ మలుపు దాకా నడిచి తిరిగొచ్చేవాళ్ళు. మొదట్లో అతను ముందు, ఆమె వెనక. అతనికి ఆయాసం వచ్చి ఆగితే ఆమె దాటి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి ఇద్దరూ ఒక్క వరసలోకి వచ్చారు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళు పక్కపక్కన నడిచింది అప్పుడే. సెలవులకొచ్చినప్పుడు అతనికి స్నేహితులూ చుట్టాలూ పేకాటా ఉండేవి. ఆమెకి వంటా పిండివంటలూ సంచీ ఉండేవి. నెలలు అలాగే అయిపోయేవి.

నడుస్తూ అతను ఓడ కబుర్లు చెప్పేవాడు. గాలివానలో డెక్ మీద తాళ్ళు వదులైతే ఎలా ఉంటుందో, సరుకు ఎలా కదులుతుందో.

"అప్పుడెవరెల్తారండీ?"

"ముందు బోసనే ఎల్లాల. ఆడెల్తేనే ఎనకాల కుర్రోళ్ళు ఒత్తారు. పొట్ట పెరిగాక నాను ఎనకబడిపోతన్నానే. అదే సిగ్గు నాకు."

అతని ఎడమ చెయ్యి నడుస్తూ నడుస్తూ అప్పుడప్పుడూ ఆమె చెంగుకి తగిలేది. ఆ రోడ్డు ఇంకాస్త పొడుగుంటే బాగుండుననిపించేది ఆమెకు.

జాలరిపేట నుంచి చేపలు తెచ్చే గంగాలమ్మ ఒకరోజు గుమ్మంలో తట్ట దించి, లోపలికి తొంగిచూసింది. "ఓలమ్మ, గౌరమ్మా! మీ ఆయన ఇంకా ఇంటికాడే ఉన్నాడేటి? ఓడోళ్ళు ఒగ్గీసినారేటి?"

"సుగరు తగ్గితే ఎల్తారు."

"అయితే తగ్గనీకు!" గంగాలమ్మ నోట్లో ఆకు ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి తోసుకుంటూ నవ్వింది. "రెండు లడ్డూలెట్టు, కూకుంటాడు. నా మొగుడు పొద్దుట ఏటకెల్లి సాయంత్రానికొచ్చీత్తాడు, అయినా నాకు గుండె గుబగుబే. నువ్వెలాగున్నావమ్మా ఇన్నేళ్ళు?"

గౌరీశ్వరి కూడా నవ్వి చేపలు ఏరుకుంది. కానీ ఆ మాట ఆమెను వదల్లేదు. చేపలు కడుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. ఉలవలు ఏరుతుంటే వచ్చింది. నిజమే గదా. తను శ్రద్ధగా తరిగే ప్రతి బీరకాయా అతన్ని ఓడ దగ్గరికి ఒక అడుగు తోస్తోంది. కాస్త చెయ్యి జారితే చాలు. టీలో ఒక చెంచా. రాత్రికి ఒక బూరె. మొగుడు ఇంట్లోనే ఉండిపోతాడు. ఎవరూ ఆమెనేమీ అనరు. అన్నానికి ఆశపడిన మొగుడికి అన్నం పెట్టిన ఆడదాన్ని తప్పుపట్టేదెవరు?

అంతలోనే మామగారి కర్ర కాలు ఆమె చెవుల్లో టకటకమని నడిచేది. ఆమె ఉలవలు ఏరడం కొనసాగించేది.

ఎండాకాలం ముదిరేసరికి గురునాథరావు ప్యాంట్లు వదులయ్యాయి. తాడుతో బిగించి కట్టుకుని, అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకునేవాడు. గౌరీశ్వరి జాకెట్లు కూడా వదులయ్యాయి గానీ అది ఎవరూ గమనించలేదు, ఆమె కూడా చెప్పలేదు. మధ్యలో ఒకసారి చూపించుకుంటే నెంబరు దిగింది. డాక్టరమ్మ, "ఇంకో నెల ఇలాగే" అంది. ఆ నెల కూడా అయిపోవచ్చింది. కంపెనీ వాళ్ళ పరీక్ష ఎల్లుండి అనగా, పొద్దున్నే గురునాథరావు వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"గౌరీ, ఒక్క మాట. నాలుగు బూరెలు సెయ్యవే. నాలుగే. నోరు సచ్చిపోయింది."

"ఎల్లుండి రగతం ఇయ్యాల గదండీ."

"ఒక్క పూటకి కొంపలేటి మునిగిపోవు. అయినా ఇన్నాళ్ళు నువ్వు సెప్పినట్టల్లా ఇన్నాను గదే."

అతను స్నానానికి వెళ్ళాడు. గౌరీశ్వరి శనగపప్పు నానబోసింది. ఎందుకు నానబోసిందో ఆమెకే తెలీదు. పప్పు నానింది. ఉడికింది. ఆ ఇంట్లో మిగిలిన తీపి వస్తువు ఒక్కటే, ప్రయాణం కోసం దాచిన అనకాపల్లి బెల్లం అచ్చు. మూడు గుడ్డల మూటలో, పై అర చివర్న. స్టూలెక్కి తీసింది. మూట విప్పగానే వాసన వంటిల్లంతా పరుచుకుంది.

బెల్లం ఎడమ చేతిలో, చాకు కుడి చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడింది. ఒక్క పూట తీపికి మూడు నెలల సగటు చూపే సుగరు నెంబరు మారిపోదని తలుపు వెనక కాగితం చదివినదానిగా ఆమెకు తెలుసు. కానీ మొగుడు కూడా ఆమెకు తెలుసు. నాలుగు తింటే సాయంత్రానికి ఇంకో నాలుగు అడుగుతాడు. రేపు టీలో పంచదార అడుగుతాడు. ఎల్లుండి పొద్దున పరగడుపున చేసే రక్తపరీక్ష తప్పుతాడు. మళ్ళీ తిరిగి రమ్మంటారు. సాయంత్రాలు మళ్ళీ పట్టాల పక్కన నడక. అతని చెయ్యి, తన చెంగు. బయట గూడ్సు బండి ఒకటి వెళ్తోంది, అలమరలో గ్లాసులు మోగుతున్నాయి. ఆ ఇంట్లో అవి మాత్రమే మోగిన ఏళ్ళన్నీ ఆమెకు గుర్తొచ్చాయి.

బండి దాటిపోయాక ఆమె బెల్లాన్ని మళ్ళీ మూడు గుడ్డల్లో చుట్టి పైన పెట్టేసింది. ఉడికిన పప్పులోకి ఆనపకాయ ముక్కలు వేసి, పచ్చిమిర్చి చీల్చి కూర చేసింది.

గురునాథరావు కంచంలోకి చూసి కూరని వేలితో పక్కకి తోశాడు. తర్వాత, "మొగుడికి ఒక్క బూరె పెట్టడానికి సేతులు రాలేదే నీకు" అన్నాడు.

"రాలేదు" అంది గౌరీశ్వరి.

అతను కూర తిన్నాడు. గుప్పెడు అన్నం తిన్నాడు. ఆ సాయంత్రం నడకలో అతను మళ్ళీ ముందు, ఆమె వెనక.

పరీక్షకి వెళ్ళినవాడు మధ్యాహ్నానికి పరుగులాంటి నడకతో తిరిగొచ్చాడు. గుమ్మంలోంచే, "గౌరీ! ఫిట్టు! ఫిట్టన్నారే!" అని కేకేశాడు. పక్కింటివాళ్ళు తొంగిచూస్తున్నా లెక్కచెయ్యకుండా ఆమె రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. "నువ్వే సేసినావే ఇదంతా. ఆ రోజు బూరెలు సెయ్యలేదని తిట్టుకున్నాను గానీ, నువ్వే కాపాడినావు."

గౌరీశ్వరి నవ్వింది. లోపలికెళ్ళి పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె తిప్పినట్టు కాసేపు అక్కడే నిలబడింది.

ఇదిగో ఇప్పుడు సంచి సర్దడం అయింది. జిప్పు లాగింది. మర్నాడు పొద్దున ఆటో వచ్చి గుమ్మంలో ఆగింది. స్టేషనుకి, అక్కణ్ణుంచి ముంబయికి, ముంబయిలో ఓడకి. గురునాథరావు కొత్త ప్యాంటు వేసుకుని కుర్రాడిలా సంచి భుజానికెత్తుకున్నాడు. గౌరీశ్వరి మూట విప్పి బెల్లం చిన్న ముక్క కోసింది. చింతగింజంత. ఎప్పుడూ కోసే దాంట్లో సగం కూడా లేదు.

"నోరు తెరవండి."

గురునాథరావు ఆ ముక్క వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. అతనికి తన నిగ్రహం మీద కొత్తగా పుట్టిన గర్వం ఒకటుంది. ఆమె వేళ్ళ మధ్య నుంచి ముక్క తీసుకుని ఆమె నోట్లోనే పెట్టేశాడు.

"నాకెందుకే, మానీసినాను గదా. నువ్వు తిను. ఒక్కర్తివీ ఉండాల్సింది నువ్వు."

ఆమె వద్దని తల తిప్పేలోగా బెల్లం నాలుక మీద ఉంది. ఉమ్మెయ్యడానికి మనసు రాలేదు. నోట్లో అది ఉండగా ఆమె ఏమీ అనలేకపోయింది. 'జాగ్రత్త' అనలేదు. 'బేగి రండి' అనలేదు. ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ తీపి కరగడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత ఓడలోంచి వీడియో కాల్ చేసేవాడు. బొమ్మ ఆగి ఆగి వచ్చేది. "ఇక్కడ వంటోడు నన్ను గేలి సేత్తన్నాడే, బోసన్ గారు ముందు గడ్డి తింటారు, ఆనక మనుసుల కూడు తింటారని. నవ్వనీ. నిచ్చెన్లు ఎక్కుతంటే ఆయాసమన్నది నేదు. కుర్రోళ్ళ కన్నా ముందు నానే ఉంతన్నాను. నువ్వు నడుత్తన్నావా?"

"నడుత్తన్నాను."

"ఒక్కర్తివేనా?"

"ఇంకెవరున్నారు?"

నిజంగానే నడిచేది. ఒక్క మనిషికి కూర వండుకుని, ముందు కూర, తర్వాత పప్పు, ఆఖర్న గుప్పెడు అన్నం తినేది. అడిగేవాళ్ళు లేరు, వరస తప్పినా పట్టుకునేవాళ్ళు లేరు. అయినా వరస తప్పలేదు. తినేసి చెప్పులు వేసుకుని పట్టాల పక్క రోడ్డు మీద టీ బడ్డీ మలుపు దాకా వెళ్ళేది. రోడ్డు ఖాళీగా ఉన్నా అంచునే నడిచేది. తన కుడి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలిపెట్టి నడిచేది.

గురునాథరావు తిరిగి రాలేదు. 2024 సెప్టెంబరు పద్దెనిమిదో తేదీన, ఆఫ్రికా కొన దాటుతుండగా వచ్చిన గాలివానలో, వదులైన తాళ్ళు బిగించడానికి అందరికన్నా ముందు డెక్ మీదికి వెళ్ళి అలలో కొట్టుకుపోయాడు.